శారదామాత చివరి ఏడు నెలలు: జగజ్జననికి కూడా జ్వరం వస్తుందా?

ఈ వారం వీడియోలో శారదామాత జీవితం చెప్పుకున్నాం కదా. జయరాంబాటి పల్లె, దక్షిణేశ్వరం, షోడశీ పూజ అన్నీ వచ్చాయి. కానీ అమ్మ చివరి రోజుల దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల్లో ముగించేశాం. నిజానికి ఆ ఏడు నెలలు తీరిగ్గా చెప్పుకోవాల్సినవి, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మనలో చాలామందికి ఒక సందేహం ఉంటుంది. బయటికి అడగడానికి మొహమాటపడతాం గానీ లోపల ఉంటుంది. సాక్షాత్తూ అమ్మవారి అంశ అని కొలిచే మనిషికి రోగం ఎందుకు రావాలి? వచ్చినా, ఎందరికో ధైర్యం ఇచ్చిన ఆ తల్లి తన జ్వరాన్ని తాను ఎందుకు తగ్గించుకోలేదు? మన వరంగల్‌లో భద్రకాళి అమ్మవారి ముందు నిలబడి, ఇంట్లో వాళ్ల ఆరోగ్యం కోసం దండం పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఏదో ఒక రోజు ఎదురవుతుంది. అమ్మ చివరి రోజుల కథ ఈ ప్రశ్నకు వాదనతో జవాబు చెప్పదు. ఆవిడ ఎలా ఉన్నారో చూపిస్తుంది, అంతే.

ముందు కొంచెం నేపథ్యం

శారదాదేవి 1853 డిసెంబర్ 22న బెంగాల్‌లోని జయరాంబాటి అనే చిన్న పల్లెలో పుట్టారు. ఆరో ఏట పక్క ఊరు కామార్పుకూర్‌కి చెందిన రామకృష్ణులతో పెళ్లయింది. అప్పటికి ఆయనకి 23 ఏళ్లు. 1872లో ఆవిడ దక్షిణేశ్వరం చేరుకున్నారు. అక్కడి కాళీమాత గుడి ఆవరణలో నహబత్ అనే చిన్న కట్టడం ఉంది. మేళం వాయించేవాళ్ల కోసం కట్టింది. ఆ ఇరుకు గదిలోనే ఏళ్ల తరబడి ఉన్నారు. వంట, జపం, వచ్చేపోయేవాళ్లకి అన్నం పెట్టడం, అన్నీ అందులోనే.

1885లో రామకృష్ణులకి గొంతు క్యాన్సర్ వచ్చింది. శ్యాంపుకూర్‌లో, తర్వాత కాశీపూర్ తోట ఇంట్లో ఆయనకి పథ్యం వండి పెట్టింది అమ్మే. ఒకసారి పాల గిన్నె పట్టుకుని మెట్లెక్కుతూ జారిపడితే చీలమండ బెణికి కొన్ని రోజులు లేవలేకపోయారు. ఏ మందూ పనిచేయడం లేదని తెలిశాక తారకేశ్వర్ వెళ్లి, శివుడి ముందు అన్నం నీళ్లు మానేసి రెండు రోజులు పడుకున్నారు. భర్త ప్రాణం అడగడానికి వెళ్లిన మనిషికి అక్కడ, రాత్రి వేళ, కుండల దొంతర పగిలినట్టు ఒక శబ్దం వినిపించిందట. ఈ లోకంలో ఎవరికి ఎవరు అన్న ఆలోచన ఒక్కసారిగా మనసులో నిండిపోయిందని, వెంటనే లేచి వచ్చేశారని చెబుతారు. 1886 ఆగస్టు 16న రామకృష్ణులు వెళ్లిపోయారు.

అంటే, ప్రార్థించినా రోగం తగ్గని అనుభవం ఆవిడకి 32 ఏళ్లకే వచ్చేసింది. చివరి రోజుల్లో ఆవిడ అంత నిబ్బరంగా ఎలా ఉన్నారో అర్థం కావాలంటే ఈ తారకేశ్వర్ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత కామార్పుకూర్‌లో ఒంటరిగా గడిపిన రోజులు ఉన్నాయి. అన్నం ఉంటే కూరలోకి ఉప్పు ఉండేది కాదు. నెమ్మదిగా శిష్యులకి విషయం తెలిసి కలకత్తా తీసుకొచ్చారు. 1893లో వివేకానంద స్వామి అమెరికా వెళ్లే ముందు అమ్మ ఆశీస్సులు కోరుతూ ఉత్తరం రాశారు. ఆవిడ సరే అన్నాకే ఆయన మనసు కుదుటపడింది. రామకృష్ణుల మాట ప్రపంచమంతా పాకుతున్న కాలంలో, ఆ సంఘం మొత్తానికి తల్లిగా ఉన్న మనిషి పల్లెటూళ్లో వడ్లు దంచుతూ, కూరలు తరుగుతూ ఉండేవారు.

మన తెలుగునేలకి కూడా అమ్మ వచ్చారు. 1911లో మద్రాసు, మధుర, రామేశ్వరం, బెంగళూరు చూసుకుని కలకత్తా తిరిగి వెళుతూ రాజమండ్రిలో ఒక రోజు ఆగి గోదావరి స్నానం చేశారు. ఈసారి పుష్కరఘాట్ దగ్గర నిలబడినప్పుడు ఆ సంగతి తలుచుకోండి.

రాధు అనే బంధం

అమ్మ చివరి రోజుల కథలో రాధు లేకపోతే ఏమీ అర్థం కాదు.

అమ్మ చిన్న తమ్ముడు అభయ్ డాక్టరీ చదివి, పరీక్ష రాసిన కొద్ది కాలానికే 1899లో కలరాతో చనిపోయాడు. భార్య అప్పటికి గర్భవతి. ఆ దెబ్బకి ఆమె మతి చెదిరింది. 1900లో పుట్టిన ఆ పిల్లే రాధు. తల్లి పట్టించుకోలేని ఆ పసిదాన్ని అమ్మే ఎత్తుకుని పెంచారు. రామకృష్ణులు పోయాక అమ్మకి ఈ లోకంలో ఉండాలనిపించలేదని, అప్పుడాయన దర్శనమిచ్చి ఒక ఆడపిల్లని చూపించి, ఈమెని ఆధారం చేసుకుని ఉండమన్నారని భక్తుల నమ్మకం. ఆ పిల్ల రాధూయేనని అమ్మ గుర్తుపట్టారట. యోగిన్-మా, గోలాప్-మా లాంటి దగ్గరివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. రాధు మీద ప్రేమ ఉన్నంతకాలం అమ్మ మనతో ఉంటారని వాళ్లు ధైర్యంగా ఉండేవాళ్లు.

అయితే ఆ ప్రేమకి రాధు నుంచి తిరిగి వచ్చింది తక్కువే. ఆరోగ్యం సరిగా లేదు, మొండితనం ఎక్కువ. 1919లో ఆమె గర్భవతి అయినప్పుడు ఏ చిన్న శబ్దమూ భరించలేకపోయేది. అందుకని అమ్మ ఆమెని తీసుకుని కోయల్‌పారాలో, ఊరికి దూరంగా, చెట్ల మధ్య ఒక ఇంట్లో నెలల తరబడి ఉన్నారు. మే 9న రాధుకి కొడుకు పుట్టాడు. కానీ ప్రసవం తర్వాత ఆమె లేచి నిలబడలేక పాకుతూ తిరిగేది. పైగా నల్లమందు అలవాటైంది.

జయరాంబాటి తిరిగొచ్చాక ఆ అలవాటు మాన్పించాలని అమ్మ చూస్తున్నారు. ఒక రోజు కూరలు తరుగుతుంటే రాధు వచ్చి మందు కావాలని కూర్చుంది. అమ్మ మందలించారు. రాధు కోపంతో బుట్టలోంచి ఒక పెద్ద వంకాయ తీసి అమ్మ వీపు మీదకి విసిరింది. గట్టిగా తగిలింది, ఆ చోట వాచిపోయింది. అమ్మ వెంటనే ఠాకూర్ పటం వైపు చూసి, తెలియని పిల్ల, తప్పు పట్టొద్దని వేడుకున్నారు. తన పాదధూళి తీసి రాధు తలకి రాశారు. అప్పటికి అమ్మకి 66 ఏళ్లు. ఒంట్లో ఓపిక పూర్తిగా పోయింది.

జ్వరం మొదలైంది

1919 డిసెంబర్ 13న అమ్మ జన్మతిథి. మన పంచాంగం ప్రకారం మార్గశిర బహుళ సప్తమి. పూజ జరిగింది, భక్తులు వచ్చారు. ఆ రోజే జ్వరం వచ్చింది. జయరాంబాటి వైపు మలేరియా మామూలు, అమ్మకి అది పాత నేస్తం లాంటిదే. ఇదీ అలాంటిదే అనుకున్నారు. తగ్గేది, నాలుగు రోజులకి మళ్లీ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మనిషి ఇంకొంచెం చిక్కిపోయేవారు.

ఇక్కడ శారదానంద స్వామి గురించి చెప్పాలి. అందరూ శరత్ మహరాజ్ అనేవారు. కలకత్తా బాగ్‌బజార్‌లో ఉద్బోధన్ ఇల్లు కట్టించి, అమ్మకి ఒక నీడ ఏర్పాటు చేసింది ఆయనే. అందుకు అప్పు చేశారు. ఆ అప్పు తీర్చడానికే రామకృష్ణుల జీవిత చరిత్ర రాయడం మొదలుపెట్టారు. సంఘానికి కార్యదర్శి అయినా, గుమ్మం పక్క చిన్న గదిలో కూర్చుని తాను అమ్మ ద్వారపాలకుణ్ణని చెప్పుకునేవారు. జ్వరం తగ్గడం లేదని తెలియగానే అమ్మని కలకత్తా తీసుకురావడానికి ఏర్పాట్లు చేశారు.

1920 ఫిబ్రవరి 24న అమ్మ జయరాంబాటి వదిలారు. పల్లకీలో విష్ణుపురం వరకు, అక్కడి నుంచి రైలు. 27న బాగ్‌బజార్ ఇంటికి చేరారు. ఆవిడని చూసి యోగిన్-మా, గోలాప్-మా నిర్ఘాంతపోయారు. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు, ఒళ్లు నల్లబడిపోయింది. మళ్లీ తన పల్లెని చూసుకునే అవకాశం అమ్మకి రాలేదు.

ఏ వైద్యమూ వదల్లేదు

భక్తి ఉంటే చాలు, డాక్టర్ అక్కర్లేదు అనేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. మొదట డాక్టర్ కాంజీలాల్ హోమియోపతి మందు ఇచ్చారు. తర్వాత కవిరాజులు వచ్చి ఆయుర్వేదం చేశారు. ప్రాణధన్ బోస్, నీలరతన్ సర్కార్ లాంటి పేరున్న అల్లోపతి డాక్టర్లు చూశారు. మరోవైపు శాంతి పూజలూ జరిగాయి. శరత్ మహరాజ్ ఏ ఒక్క దారీ వదల్లేదు. మందూ ప్రార్థనా రెండూ పక్కపక్కనే నడిచాయి. అమ్మ కూడా నాకు వైద్యం ఎందుకని ఎవరితోనూ వాదించలేదు, ఇచ్చిన మందు వేసుకున్నారు.

చివరికి కాలా అజార్ అని తేలింది. పేరుకి నల్ల జ్వరం అని అర్థం. ఇసుక ఈగ కాటు వల్ల ఒంట్లోకి చేరే పరాన్నజీవి తెచ్చే జబ్బు ఇది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, ప్లీహం వాస్తుంది, రక్తం తగ్గిపోతుంది, ఒళ్లు నల్లబడుతుంది. దీని కారణాన్ని 1903లో లీష్మన్, మద్రాసులో పనిచేసిన డోనవన్ అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా బయటపెట్టారు. కానీ మంచి మందు ఇంకా రాలేదు.

ఇంకో సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. అదే 1920లో, అదే కలకత్తాలో, క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోని ఒక చిన్న గదిలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి అనే డాక్టర్ ఈ జబ్బుకే మందు తయారుచేశారు. యూరియా స్టిబమైన్ దాని పేరు. అది జనానికి అందేసరికి ఇంకా కొంతకాలం పట్టింది. తర్వాత లక్షల ప్రాణాలు నిలబెట్టిన మందు, అమ్మ పడుకున్న ఇంటికి కొద్ది మైళ్ల దూరంలో పుడుతోంది. అమ్మకి అది అందలేదు.

పసిపిల్లలా మారిన తల్లి

రోజుకి మూడు నాలుగుసార్లు జ్వరం వచ్చేది. ఒళ్లంతా మంట. పక్కన కూర్చున్నవాళ్ల చల్లటి ఒంటి మీద చెయ్యి వేసి ఆ మంట చల్లార్చుకునేవారు. సరళ అనే శిష్యురాలు నర్సు పని నేర్చుకున్న అమ్మాయి, రాత్రింబవళ్లు దగ్గరుండి చూసుకుంది. ఈవిడే తర్వాత భారతీప్రాణ మాతాజీగా శారదా మఠానికి మొదటి అధ్యక్షురాలయ్యారు.

జీవితమంతా ఇంకొకరికి వడ్డించిన చేతులు ఇప్పుడు పైకి లేవడం లేదు. అన్నం సయించడం లేదు. ఒక రాత్రి సరళ తినిపించబోతే అమ్మ చిన్నపిల్లలా మారాం చేశారు. ఎప్పుడూ తిను తిను అని విసిగిస్తున్నావు, నీ చేత్తో తినను, శరత్‌ని పిలువు అన్నారు. శరత్ మహరాజ్ పరుగున వచ్చారు. ఆయన ముందు అమ్మ ఎప్పుడూ మేలిముసుగు వేసుకునే ఉండేవారు. ఆ రోజు ముసుగు లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఫీడింగ్ కప్పుతో కొంచెం కొంచెంగా పాలు తాగించారు. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకోనిచ్చి, మూతి తుడిచి మళ్లీ పట్టారు. శరత్ ఎంత బాగా తాగిస్తున్నాడో చూడమని అమ్మ మెచ్చుకున్నారు. తర్వాత ఆయన్ని, పాపం కష్టపెట్టాను, వెళ్లి పడుకోమని పంపేశారు. బయటికి వచ్చిన శరత్ మహరాజ్‌కి ఇన్నేళ్ల సేవకి ఫలం దక్కినట్టే అనిపించి ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లకి జబ్బు చేసినప్పుడు వాళ్లు విసుక్కుంటే మనకి ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు కదా. అమ్మ కూడా విసుక్కున్నారు. శిష్యులు ఆ సంగతి దాచలేదు, రాసిపెట్టారు. దానివల్ల అమ్మ మీద భక్తి ఎవరికీ తగ్గలేదు. సరళ మర్నాడు మళ్లీ గిన్నె పట్టుకుని వచ్చింది.

తెగిన ముడి

ఇంకొన్ని రోజులకి అందరినీ భయపెట్టిన మార్పు కనిపించింది. అమ్మ రాధుని పట్టించుకోవడం మానేశారు. జయరాంబాటి వెళ్లిపొమ్మని చెప్పారు. ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్న పిల్లని ఇక నా దగ్గర ఉండొద్దన్నారు. రాధు కొడుకు పాకుతూ మంచం దగ్గరికి వస్తే వాణ్ణి కూడా తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆ పసివాడంటే అంతవరకు ప్రాణం పెట్టిన మనిషి, నీ మీద మాయ ఇక లేదని వాడితోనే చెప్పారు.

ఎవరో సర్దిచెప్పబోతే, మనసు తీసేసుకున్నాను, ఇక పెట్టలేను అన్నారు. ఈ మాట యోగిన్-మా ద్వారా శరత్ మహరాజ్‌కి తెలిసింది. డాక్టర్లు చెప్పిన ఏ మాటకీ చెదరని మనిషి అది విని కుంగిపోయారు. రాధు మీద నుంచి మనసు లేచిపోయిందంటే అమ్మని ఇక ఆపలేమని ఆయనకి అర్థమైంది. అయినా సరళతో, మిగతావాళ్లతో ఎలాగైనా ఆ మనసు మళ్లీ రాధు వైపు తిప్పమన్నారు. కుదరలేదు.

ఇది కఠినంగా అనిపించవచ్చు. చదువుతుంటే రాధు వైపు నుంచి బాధేస్తుంది కూడా. ఒక్కటి గమనించండి. ఇరవై ఏళ్లు ఆ పిల్ల కోసం దెబ్బలు కూడా తిన్న తర్వాత, చేయాల్సిందంతా చేశాక అమ్మ చెయ్యి వదిలారు. బాధ్యత తప్పించుకోవడానికి వైరాగ్యం అనే మాట వాడుకునేవాళ్లకి ఈ కథలో చోటు లేదు.

చివరి మాటలు

వెళ్లిపోవడానికి ఐదు రోజుల ముందు అన్నపూర్ణ తల్లి అనే భక్తురాలు చూడటానికి వచ్చింది. లోపలికి ఎవరినీ పంపడం లేదు. గుమ్మంలోనే నిలబడి ఉంటే అమ్మ చూసి సైగ చేసి పిలిచారు. ఆమె దండం పెట్టి, అమ్మా మా గతి ఏమిటని ఏడ్చింది. అమ్మ గొంతు వినిపించనంత సన్నగా ఉంది. ఠాకూర్‌ని చూసినదానివి, నీకు భయమెందుకని ముందు ఓదార్చారు. కాసేపాగి ఇంకో మాట చెప్పారు. మనశ్శాంతి కావాలంటే ఇతరుల తప్పులు వెతకొద్దని, తన తప్పులే చూసుకోవాలని, లోకాన్నంతా సొంతం చేసుకోవడం నేర్చుకోమని, ఎవరూ పరాయివాళ్లు కారని దాని సారాంశం.

ఈ మాటలు స్టేటస్‌లలో, పోస్టర్లలో చాలాసార్లు చూసి ఉంటారు. ఏ స్థితిలో ఉండి చెప్పారో తెలిస్తే వాటి బరువు వేరుగా ఉంటుంది. వంకాయతో కొట్టిన పిల్ల తలకి పాదధూళి రాసిన మనిషి చెప్పిన మాటలు అవి. జయరాంబాటిలో అంజాద్ అనే ముస్లిం కూలీకి తానే వడ్డించి, అతను తిన్న చోటు తానే శుభ్రం చేసిన మనిషి చెప్పిన మాటలు. అప్పటికి ఒళ్లంతా మంటతో కాలిపోతోంది.

శరత్ మహరాజ్‌ని పిలిచి, తాను వెళుతున్నానని, యోగిన్‌నీ గోలాప్‌నీ మిగతావాళ్లనీ చూసుకోమని అప్పగించారు. తనకి ఏం కావాలో ఏమీ చెప్పలేదు.

1920 జూలై 20, మంగళవారం రాత్రి. ఒంటిగంటన్నర అయింది. కొన్ని దీర్ఘమైన శ్వాసలు తీసుకున్నారు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దమైపోయింది. నెలల తరబడి పీక్కుపోయి నల్లబడిన ముఖం ఆ తర్వాత కాంతిగా, ప్రశాంతంగా మారిందని, చాలాసేపు ప్రాణం పోలేదేమో అనిపించిందని అక్కడున్నవాళ్లు రాశారు.

మర్నాడు ఉదయం నామసంకీర్తన చేస్తూ బరానగర్ వరకు మోసుకెళ్లారు. అక్కడ పడవ ఎక్కించి గంగ దాటించి బేలూరు మఠానికి చేర్చారు. స్త్రీలు గంగ నీళ్లతో స్నానం చేయించి కొత్త బట్ట కట్టారు. గంగ ఒడ్డునే గంధపు చెక్కల చితి. మంటలు చల్లారుతుండగా నదికి అవతలి ఒడ్డున వర్షం మొదలైందట. శరత్ మహరాజ్ చితి మీద మొదటి కుండ నీళ్లు పోయగానే ఇవతలా జోరుగా కురిసి మిగిలిన నిప్పుని ఆర్పేసిందని చెబుతారు.

1921 డిసెంబర్ 21న, అమ్మ జన్మతిథి నాడు, ఆ స్థలంలోనే చిన్న గుడి ప్రతిష్ఠించారు. బేలూరు వెళ్లినప్పుడు చూడండి, ఆ గుడి గంగ వైపు తిరిగి ఉంటుంది. అమ్మకి గంగ అంటే ఎంత ఇష్టమో, అందుకే అలా కట్టారని అంటారు.

మరి మన ప్రశ్న?

జగజ్జననికి జ్వరం ఎందుకు వచ్చింది? ఎంతోమంది పాపాలు తన మీద వేసుకోవడం వల్లనని భక్తులు నమ్ముతారు. ఇసుక ఈగ వల్లనని డాక్టర్లు చెబుతారు. ఉద్బోధన్ ఇంట్లో ఉన్నవాళ్లు రెండూ విన్నారు. విని, మందు కలిపారు, జపం చేశారు, పక్క మార్చారు, ఒళ్లు తుడిచారు.

ఇది చదువుతున్నవాళ్లలో కొందరు ఆఫీసుకీ ఆసుపత్రికీ మధ్య తిరుగుతూ ఉండొచ్చు. అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోలేక, నా పూజలో లోపం ఉందేమో, నేను సరిగా చూసుకోవడం లేదేమో అని నలిగిపోతూ ఉండొచ్చు. శరత్ మహరాజ్ కన్నా ఎక్కువ ఎవరు చేయగలరు? కలకత్తాలో ఉన్న వైద్యమంతా తెచ్చారు. అమ్మ వెళ్లిపోయారు. అది ఆయన భక్తిలో లోపం కాదు. ఆ రాత్రి ఆయన పట్టిన రెండు గుక్కల పాలు అమ్మ తృప్తిగా తాగారు.

ఈ రోజు రాత్రి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఓ పది నిమిషాలు కూర్చోండి. దూరంగా ఉంటే ఫోన్ చేసి, అన్నం తిన్నారా అని అడగండి. అమ్మ ఇంటికి వచ్చినవాళ్లని ముందుగా అడిగే మాట కూడా అదే.

శారదామాత పాదాలకి నమస్కారం. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.